పాతిక నిమిషాల్లో పాస్టెల్ స్టిల్ లైఫ్: వంకాయ, నిమ్మకాయ, రాగి చెంబు

పాస్టెల్స్‌తో స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ) సాధన మొదలుపెట్టాలనుకుంటే ముందు ఫోన్‌లో పాతిక నిమిషాలకు టైమర్ పెట్టండి. కాగితం చిన్నది చాలు, 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు. వస్తువులు మూడే. లైటు ఒక్కటే. టైమర్ మోగగానే బొమ్మ ఏ స్థితిలో ఉన్నా ఆపేయాలి. నెలంతా ఒకే పెద్ద బొమ్మ మీద కుస్తీ పట్టేకంటే, వారానికి నాలుగైదుసార్లు ఇలా కూర్చుంటే చెయ్యి, కన్ను రెండూ త్వరగా కుదురుకుంటాయి.

ఈ సాధనలో కన్ను ముందుగా పట్టుకోవాల్సింది రంగుల్ని కాదు, వెలుగునీడల్ని. నిమ్మకాయ పసుపు కాస్త నారింజ వైపు జరిగినా చూసేవాళ్ళు దాన్ని నిమ్మకాయ అనే అనుకుంటారు. అదే నీడ వైపు ఎంత ముదురు ఉండాలన్న లెక్క తప్పితే, రంగు అచ్చంగా కుదిరినా కాయ గుండ్రంగా కనిపించదు, కాగితానికి అతుక్కుపోయి చదునుగా ఉంటుంది. టైము తక్కువైతే చిన్న చిన్న వివరాల జోలికి పోయే వీలుండదు. ఏది ముదురు, ఏది లేత అన్నదాని మీదే మనసు పెట్టక తప్పదు. గడువు పెట్టుకోవడం వల్ల అసలు లాభం అదే.

సరంజామా

మన దగ్గర స్టేషనరీ షాపులో పాస్టెల్స్ అడిగితే మామూలుగా చేతికిచ్చేవి ఆయిల్ పాస్టెల్స్. స్కూల్లో పిల్లలు వాడేవి అవే. వాటిలో మైనం, నూనె ఉంటాయి కాబట్టి జిడ్డుగా అంటుకుంటాయి. మనకు కావాల్సినవి సాఫ్ట్ పాస్టెల్స్. కొన్ని షాపుల్లో డ్రై పాస్టెల్స్ అంటారు. చూడటానికి బడిలో సుద్దముక్కల్లా ఉంటాయి. రంగుపొడిలో చాలా కొద్దిగా జిగురు కలిపి చేస్తారు. జిగురు తక్కువ కాబట్టే రాయగానే రంగు రాలి కాగితాన్ని పట్టుకుంటుంది. ఆరేదాకా ఆగే పని లేదు. ముదురు రంగు మీద లేత రంగు వేసినా పైకి తేలుతుంది. తొందరగా వేసే బొమ్మకు ఇంతకంటే అనువైనది నాకు తెలియదు.

క్యామెల్ సాఫ్ట్ పాస్టెల్స్ గానీ, కొరియా కంపెనీ ముంగ్యో వారి సగం సైజు స్టిక్స్ గానీ సాధనకు సరిపోతాయి. ఖరీదైన సెట్టు కొని, ఎక్కడ అరిగిపోతుందోనని భయపడుతూ వేసేకంటే మామూలు సెట్టు కొని ధారాళంగా వాడటం మేలు.

పెట్టెలో ఎన్ని రంగులున్నా ఒక బొమ్మకు 12 మించి బయటికి తీయకండి. మనం వేయబోయే వంకాయ, నిమ్మకాయ, రాగి చెంబుకి ఇవి చాలు: బాగా ముదురు ఊదా, మధ్యస్థంగా ఉండే ఊదా, ముదురు నీలం, ముదురు గోధుమ, ఇటుక రంగు, నారింజ, ఓకర్ (మట్టి పసుపు), నిమ్మపసుపు, మీగడ రంగు, ఆలివ్ ఆకుపచ్చ, బూడిద రంగు, తెలుపు. ముదురు నుంచి లేతకు వరసగా ఒక పళ్ళెంలో పేర్చుకోండి. రంగుల పేర్ల వరసలో కాదు, ముదురు వరసలో. చెయ్యి చాపినప్పుడు "ఇక్కడ ఎంత ముదురు కావాలి" అన్న ప్రశ్నే ముందు రావాలి. నలుపు కావాలనే పెట్టలేదు. దానితో నీడలు వేస్తే బొమ్మ మసిబారుతుంది. ముదురు ఊదా, నీలం, గోధుమ కలిస్తే వచ్చే ముదురులో జీవం ఉంటుంది.

స్టిక్స్‌ని అంగుళం ముక్కలుగా విరవండి. కొత్త స్టిక్‌ని విరవడానికి చాలామందికి చేతులు రావు. కానీ ఈ పద్ధతిలో సగానికి పైగా పని స్టిక్ కొసతో కాదు, పక్క భాగంతో జరుగుతుంది. అంగుళం ముక్కను కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి లాగితే ఒక్క లాగుకు అంగుళం వెడల్పు రంగు పడుతుంది. కొసతో గీస్తూ కూర్చుంటే పాతిక నిమిషాలు నేపథ్యానికే చాలవు.

కాగితం తెల్లది వద్దు. పాస్టెల్ కాగితమంతటినీ కప్పదు, గరుకులో గుంటల్ని వదిలేస్తుంది. తెల్ల కాగితమైతే ఆ గుంటలన్నీ తెల్లగా మెరుస్తూ బొమ్మను చెదరగొడతాయి. బూడిద రంగు గానీ మట్టి రంగు గానీ, మరీ ముదురూ మరీ లేతా కాని కాగితం తీసుకోండి. దాని మీద మొదటి ముదురు గీత, మొదటి లేత గీత రెండూ వెంటనే కనిపిస్తాయి. కాన్సన్ మి-తాంత్ లాంటి రంగు కాగితాలు దొరికితే మంచిదే. అందులో ఒక వైపు తేనెపట్టులాంటి గళ్ళ గరుకు ఉంటుంది, రెండో వైపు సన్నగా ఉంటుంది. చిన్న బొమ్మకు సన్నని వైపు వాడండి. దొరక్కపోతే 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితం మీద ఏదైనా మట్టి రంగు పలచగా పూసి ఆరబెట్టుకోవచ్చు.

ఇంకో చవక మార్గం ఉప్పు కాగితం. హార్డ్‌వేర్ షాపులో 400 నుంచి 600 నంబరు మధ్య, నీళ్ళతో రుద్దడానికి వాడే నల్లటి రకం అడగండి. ఎన్ని పొరలైనా పడతాయి. వేలితో రుద్దితే చర్మం లేచిపోతుంది కాబట్టి రుద్దే అలవాటు కూడా దానంతటదే తగ్గుతుంది. స్టిక్స్ మాత్రం గబగబా అరిగిపోతాయి. ఇది సాధనకే. దాచుకోవాలనుకునే బొమ్మకు పాస్టెల్ కాగితమే మంచిది.

అమరిక, లైటు

ఈ పనికి టైమర్ పెట్టొద్దు, నిదానంగా చేయండి. అమరిక బాగుంటే సగం బొమ్మ అయిపోయినట్టే.

ఒక అట్టపెట్టె తీసుకుని ముందు వైపు, పై భాగం, ఎడమ పక్క కోసేయండి. వెనక గోడ, కుడి గోడ, అడుగు మిగులుతాయి. అడుగున ఉతికిన పాత పంచె ముక్క పరవండి. ఎడమ వైపు, వస్తువుల కంటే కాస్త ఎత్తులో, రెండడుగుల దూరంలో టేబుల్ ల్యాంప్ పెట్టండి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు. గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి. రెండు మూడు వైపుల నుంచి వెలుగు పడితే నీడలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, అప్పుడు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. మీ కాగితానికి వెలుగు కావాలి కాబట్టి వెనక నుంచి ఇంకో చిన్న లైటు పెట్టుకోవచ్చు, అది పెట్టెలోకి దూరకుండా చూసుకోండి. పగటిపూట వేసేవాళ్ళకి ఉత్తరం కిటికీ మంచిది. ఎండ నేరుగా పడే కిటికీ అయితే పాతిక నిమిషాల్లోనే నీడ జరిగిపోతుంది.

వస్తువుల్ని ఎంచుకోవడంలో ఒక లెక్క ఉంది. మెరిసే ముదురు వస్తువు ఒకటి, మెరుపు తక్కువ ఉన్న లేత వస్తువు ఒకటి, లోహం ఒకటి. నల్లటి గుండు వంకాయ, నిమ్మకాయ, రాగి చెంబు కలిపింది అందుకే. చెంబుని కాస్త వెనగ్గా, మధ్య నుంచి పక్కకి పెట్టండి. వంకాయని పడుకోబెట్టి ముచ్చిక మీ వైపు ఏటవాలుగా తిరిగేలా ఉంచండి. నిమ్మకాయ ముందు ఉండాలి, వంకాయలో కొద్ది భాగాన్ని అడ్డుకోవాలి. రెండు వస్తువుల అంచులు సరిగ్గా ఒకదాన్నొకటి తాకి ఆగిపోకూడదు. అయితే ఒకటి ఇంకోదాని మీదికి రావాలి, లేదా మధ్యలో స్పష్టంగా ఖాళీ ఉండాలి.

మీ కళ్ళు చెంబు మూతి కంటే పైన ఉండేలా కూర్చోండి, లోపలి చీకటి కాస్త కనిపించాలి. కాగితాన్ని అట్టకు క్లిప్పులతో బిగించి నిలువుగా ఆనించండి. బల్లమీద పడుకోబెట్టి వేస్తే పొడి అంతా బొమ్మ మీదే పేరుకుంటుంది.

మొదటి 3 నిమిషాలు: బుల్లి స్కెచ్

టైమర్ మొదలుపెట్టండి. పక్కన ఒక చిత్తు కాగితం మీద ఒకటిన్నర అంగుళం బై రెండు అంగుళాల గడి పెన్సిల్‌తో గీయండి. పెద్ద కాగితం కొలతలు కూడా ఇదే నిష్పత్తిలో ఉన్నాయి. ఇప్పుడు కళ్ళు చికిలించి అమరికను చూడండి. రెప్పలు సగానికి పైగా వాలిపోవాలి. వివరాలన్నీ పోయి మూడు నాలుగు మచ్చలు మిగులుతాయి. వాటిని మూడు టోన్లలో, అంటే మూడు ముదురు స్థాయిల్లో పెట్టండి: కాగితం తెలుపు లేతకు, పలచని గీతలు మధ్యస్థానికి, గట్టిగా నొక్కినవి ముదురుకు.

ఇక్కడ చూడాల్సింది ఒకటే. ముదురు మచ్చలు విడివిడిగా చుక్కల్లా ఉన్నాయా, కలిసి ఒక పెద్ద ఆకారం అయ్యాయా? వంకాయ, దాని కింద పడిన నీడ, చెంబు నీడ వైపు, ఈ మూడూ కలిసిపోయి ఒకే ముదురు ఆకారమైతే బొమ్మ దూరం నుంచి కూడా నిలబడుతుంది. ఆ ముదురుకు ఎదురుగా నిమ్మకాయ వెలుగుతుంది. మచ్చలు చెదిరిపోయి ఉంటే లైటు కొంచెం జరపండి, లేదా నిమ్మకాయని అంగుళం పక్కకి తొయ్యండి. ఇంత చిన్న గడిలో దిద్దుకోవడం క్షణం పని.

చాలామంది ఈ 3 నిమిషాల్ని వృథా అనుకుని నేరుగా కాగితం మీదికి వెళ్తారు. దయచేసి వదిలేయకండి. తర్వాతి 22 నిమిషాలూ దీని మీదే ఆధారపడతాయి.

తర్వాత 2 నిమిషాలు: గీత

కాగితం మీద పెన్సిల్ వాడొద్దు. పెన్సిల్ గీత నున్నగా ఉంటుంది, పాస్టెల్ దాని మీద జారిపోతుంది. ఓకర్ ముక్క కొసతో తేలిగ్గా గీయండి. వంపులు వదిలేసి చిన్న చిన్న తిన్నని గీతలతోనే ఆకారాలు పెట్టండి. చెంబు ఎత్తు వంకాయ పొడవుకి ఎంత వంతు ఉందో చెయ్యి చాపి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని కొలుచుకోండి. ఈ ఒక్క కొలత సరిపోతే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి.

చెంబు మూతి దగ్గర మాత్రం ఓపిక కావాలి. పైనుంచి చూసినప్పుడు మూతి కోడిగుడ్డు ఆకారంలో కాదు, రెండు వైపులా సమానంగా ఉండే సాగిన గుండ్రంలో కనిపిస్తుంది. రెండు పక్కల మూలల్ని కోసుగా గీయకండి, అవి కూడా గుండ్రంగానే తిరుగుతాయి. చెంబు అడుగు వంపు మూతి వంపు కంటే కాస్త ఎక్కువ గుండ్రంగా ఉంటుంది, అది మన కంటికి ఇంకా కిందికి ఉంది కాబట్టి.

4 నిమిషాలు: ముదురు

ముదురు ఊదా ముక్కని పక్కకి పడుకోబెట్టి వంకాయ మొత్తం కప్పేయండి. మెరుపు కోసం చోటు వదలకండి, అది చివర్లో పైన పడుతుంది. చెంబు నీడ వైపు, మూతి లోపల ముదురు గోధుమ. బట్ట మీద పడిన నీడల్లో గోధుమ, దాని మీద పలచగా నీలం. చెయ్యి తేలిగ్గా ఉండాలి. ఇప్పుడే గట్టిగా నొక్కితే కాగితం గరుకంతా నిండిపోయి పై పొరలు పట్టవు.

వంకాయ ఎక్కడ ఆగుతుంది, నీడ ఎక్కడ మొదలవుతుంది అని గీత గీయాలనిపిస్తుంది. గీయకండి. కళ్ళు చికిలిస్తే ఆ అంచు అమరికలోనే కనిపించడం లేదు కదా, బొమ్మలో ఎందుకు?

6 నిమిషాలు: మధ్య టోన్లు, వెలుగు

వెనక గోడకు బూడిద రంగు ఒకే పొర. అంతకుమించి అక్కడ టైము పెట్టొద్దు. బట్ట మీద వెలుగు పడే చోట మీగడ రంగు, దూరంగా పోయే చోట దాని మీద బూడిద రంగు పలచగా.

నిమ్మకాయ నీడ వైపు ఓకర్ వేసి దాని మీద ఆలివ్ ఆకుపచ్చని రాయీ రాయకుండా తాకించండి. వెలుగు వైపు నిమ్మపసుపు. చెంబు వెలుగు వైపు ఇటుక రంగు, దాని మీద నారింజ. వంకాయ వెలుగు వైపు మధ్యస్థం ఊదా, పలచగా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి పోల్చి చూడండి. వంకాయలో వెలుగు పడిన భాగం, నిమ్మకాయలో నీడ భాగం. రెంటిలో ఏది ముదురు? మెరుపు మచ్చను పక్కన పెడితే వంకాయ వెలుగు వైపే నిమ్మకాయ నీడ కంటే ముదురుగా ఉంటుంది. మనసు దీన్ని ఒప్పుకోదు. "వెలుగు" అన్న మాట వినగానే చెయ్యి లేత రంగు వైపు పోతుంది, "నీడ" అనగానే ముదురు వైపు పోతుంది. అలా వంకాయని అనవసరంగా తెల్లబరిచి, నిమ్మకాయని అనవసరంగా నల్లబరుస్తాం. రెండూ ఒకే ముదురుకు వచ్చి కూర్చుంటాయి, బొమ్మ చప్పబడుతుంది. ప్రతి వస్తువునీ విడిగా చూసి వెలుగునీడలు వేస్తే ఇదే జరుగుతుంది. పక్కదానితో పోల్చి చూడటమే విరుగుడు. ఈ ఒక్క పోలిక కోసమే వంకాయ పక్కన నిమ్మకాయని పెట్టింది.

6 నిమిషాలు: అంచులు, ఒకదాని రంగు ఇంకోదాని మీద

పక్కపక్కనున్న వస్తువులు రంగులు ఇచ్చిపుచ్చుకుంటాయి. వంకాయకి నిమ్మకాయ దగ్గరగా ఉన్న చోట సన్నగా ఓకర్ ఛాయ కనిపిస్తుంది. చెంబు పొట్ట మీద వంకాయ ముదురు పట్టీలా వంగి కనిపిస్తుంది, నిమ్మకాయ పసుపు మరకలా ఉంటుంది. చెంబుని చెంబుగా చూడటం మానేసి పట్టీలుగా చూస్తే లోహం చాలా తేలిక. స్టీలు గ్లాసుకీ ఇదే మాట.

వంకాయ అడుగు భాగంలో బట్ట నుంచి తిరిగొచ్చే వెలుగు ఒక సన్నని గీతగా ఉంటుంది. అది ఉన్నదానికంటే ఎక్కువ వెలుగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ ముదురే. బూడిద రంగుతో ఒక్కసారి తాకించి వదిలేయండి. దాన్ని పెంచితే కాయ బరువు పోయి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది.

ఇక వేలితో రుద్దడం గురించి. పాస్టెల్ పట్టుకున్న ప్రతివాళ్ళకీ రుద్దాలనిపిస్తుంది, నున్నగా వస్తుంది కాబట్టి. నా సలహా, ఈ పాతిక నిమిషాల బొమ్మల్లో నేపథ్యం తప్ప ఇంకెక్కడా రుద్దకండి. రుద్దితే రంగుపొడి కాగితం గుంటల్లోకి దిగిపోతుంది, పైన వెలుగుని చెదరగొట్టే రేణువులు అణిగిపోతాయి, రంగు మందగిస్తుంది. రెండు మూడు రంగులు ఒకేచోట రుద్దితే బురదే. బదులుగా రంగు పక్కన రంగు వేసి వదిలేయండి, దూరం నుంచి కన్నే కలుపుకుంటుంది.

18వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు షార్డాన్ తైలవర్ణాల్లో స్టిల్ లైఫ్‌లు వేసి పేరు తెచ్చుకున్నవాడు. వృద్ధాప్యంలో కళ్ళు దెబ్బతిని తైలవర్ణాలు పడక 1770ల్లో పాస్టెల్స్‌కి మారాడు. 1771లో, 1775లో ఆయన పాస్టెల్స్‌తో వేసుకున్న స్వీయచిత్రాలు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. నెట్‌లో పెద్ద సైజు ఫోటోలు దొరుకుతాయి, దగ్గరగా చూడండి. ముఖం మీద వేర్వేరు రంగుల గీతలు పక్కపక్కనే ఉంటాయి, రుద్ది నున్నగా చేసేయలేదు. అదే కాలంలో జెనీవాకి చెందిన లియొతార్ పాస్టెల్స్‌నే ఎంతో నున్నగా వాడాడు, గీతల జాడ కనిపించకూడదనేది ఆయన పట్టుదల. దాదాపు 80 ఏళ్ళ వయసులో పాస్టెల్స్‌తో పండ్ల స్టిల్ లైఫ్‌లు కూడా వేశాడు. ఆయన దారి కూడా గొప్పదే, కానీ అది నెమ్మదిగా నడిచే దారి. మన టైమర్‌కి షార్డాన్ దారే నప్పుతుంది.

అంచుల విషయంలో, బొమ్మ మొత్తంలో ఒకటి రెండు చోట్లే పదునైన అంచు ఉంచండి. నిమ్మకాయ వెలుగు వైపు వంకాయని కప్పే చోటు దానికి తగినది. కన్ను నేరుగా అక్కడికే పోతుంది. చెంబు వెనక అంచు, నీడల చివర్లు మెత్తబడాలి. అక్కడ నేపథ్యం బూడిద రంగుని వస్తువు మీదికి కొద్దిగా లాగితే సరిపోతుంది.

చివరి 4 నిమిషాలు: మెరుపులు

ఇప్పటిదాకా తేలిగ్గా ఉన్న చెయ్యి ఇప్పుడు నొక్కవచ్చు. ముక్క విరిగిన చోట పదునుగా ఉండే మూలను వాడండి. ఒక్కో మెరుపుకి ఒక్క తాకు. రెండోసారి ముట్టుకుంటే చుట్టూ ఉన్న ముదురు కలిసి బూడిదైపోతుంది.

మూడు వస్తువుల మెరుపులూ మూడు రకాలు. వంకాయ తొక్క నున్నగా మెరుస్తుంది, దాని మీది మెరుపు ల్యాంప్ రంగే. పసుపు కాంతి బల్బు అయితే మీగడ రంగు, తెల్ల బల్బు అయితే తెలుపు. చిన్నగా, అంచు తెగినట్టు ఉంటుంది. నిమ్మకాయ తొక్క మీద సన్నని గుంటలున్నాయి కాబట్టి మెరుపు ఒక్కచోట నిలవదు, నాలుగైదు చుక్కలుగా చెదురుతుంది. అక్కడ మీగడ రంగు ముక్కని తేలిగ్గా తాకించండి, కాగితం గరుకే ఆ చుక్కల్ని తెచ్చిపెడుతుంది. రాగి సంగతి వేరు. రాగి తన మీద పడ్డ వెలుగుకి తన రంగు అద్ది తిప్పి పంపుతుంది. అందుకే చెంబు మెరుపుని తెల్లగా వేస్తే అది స్టీలు చెంబైపోతుంది. నారింజ మీద మీగడ రంగు నొక్కి వేయండి, ఆ రెండూ కలిసిన లేత పీచు రంగే రాగి మెరుపు. మరీ నడి మధ్యలో ఒక చిన్న చుక్క తెలుపు ఉంటే ఉండొచ్చు.

మిగిలిన సమయంలో వంకాయ ముచ్చిక ఆకుపచ్చ, నీడలు వస్తువుల్ని తాకే చోట ఒక్కొక్క ముదురు గీత. నీడ బిగుసుకుంటేనే వస్తువు బట్ట మీద కూర్చుంటుంది. టైమర్ మోగింది. స్టిక్ కింద పెట్టేయండి, నిజంగానే.

వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. అమరిక ఫోటో ఒకటి, బొమ్మ ఫోటో ఒకటి తీసి రెంటినీ ఫోన్‌లోనే నలుపు తెలుపులోకి మార్చి పక్కపక్కన పెట్టి చూడండి. రంగు పోగానే ఎక్కడ ముదురు చాలలేదో, ఎక్కడ లేత ఎక్కువైందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కనిపించింది బొమ్మలో దిద్దకండి. బొమ్మ వెనక పెన్సిల్‌తో రాసుకోండి: తేదీ, లైటు ఏ వైపు, ఏది తప్పింది. రేపటి బొమ్మకు అదే పాఠం.

పొడితో జాగ్రత్త

పాస్టెల్ పొడిని నోటితో ఊదకండి. ఊదితే అది గాల్లోకి లేచి మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటి లోహాలు ఉంటాయి. అట్టని వెనక నుంచి తట్టండి, కింద తడి బట్ట పరిచి ఉంచితే పొడి అందులో పడుతుంది. ఎన్95 మాస్క్ పెట్టుకోవడం మంచి అలవాటు. ఆస్తమా ఉన్నవాళ్ళు మాస్క్ లేకుండా కూర్చోవద్దు. వేసేంతసేపూ ఫ్యాను ఆపాలి. మన ఎండాకాలంలో అది కష్టమే, కానీ పాతిక నిమిషాలే కాబట్టి ఓర్చుకోవచ్చు. పని అయ్యాక చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడవండి. చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దు. బొమ్మకు వాడిన నిమ్మకాయ, వంకాయ కూడా వంటింట్లోకి వెళ్ళేముందు శుభ్రంగా కడగాలి.

స్టిక్స్ ఒకదాని పొడి ఒకదానికి అంటుకుని అన్నీ బూడిద రంగులోకి వచ్చేస్తాయి. ఒక డబ్బాలో గుప్పెడు బియ్యపు నూకలు పోసి, స్టిక్స్ వేసి మెల్లగా కదిపితే పై మురికి నూకలకు పడుతుంది. ఆ నూకలు మళ్ళీ వంటకి గానీ పిట్టలకి గానీ పెట్టకండి.

తర్వాతి రోజుల్లో

రెండో రోజే వస్తువులు మార్చేయాలని ఉంటుంది. మార్చొద్దు. వంకాయ వాడిపోయేదాకా అదే అమరికను వేయండి. ఒకరోజు ల్యాంప్ కుడి పక్కకి మార్చి, పెట్టెకి ఆ వైపు గోడ కూడా తీసేసి. ఒకరోజు ముదురు కాగితం మీద. ఒకరోజు ముదురు గోధుమ, బూడిద, తెలుపు మూడు స్టిక్స్‌తోనే. ఈ మూడు స్టిక్స్ రోజు అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది, దాన్ని తప్పించుకోకండి. వస్తువులు పరిచయమైపోయాక గడువు 15 నిమిషాలకు, ఆ తర్వాత 8 నిమిషాలకు తగ్గించి చూడండి. 8 నిమిషాల్లో ముదురు, మధ్య, లేత తప్ప ఏమీ పట్టవు. అవి మాత్రం స్పష్టంగా పడతాయి.

కొత్త వస్తువులకు వెళ్ళేటప్పుడు తెల్ల బట్ట మీద కోడిగుడ్డుతో మొదలుపెట్టండి. తెలుపులో ఎన్ని బూడిద రంగులున్నాయో అది చూపిస్తుంది. తర్వాత పసుపుపచ్చ గుండు దోసకాయ, దాని మీది చారలు కాయ వంపుతోపాటే తిరుగుతాయి కాబట్టి గుండ్రనం పట్టుకోవడం తేలిక. ఉల్లిపాయ పొట్టు, మట్టి ముంత, ఎండుమిర్చి అన్నీ మంచివే. సీతాఫలం వేస్తే ప్రతి కన్నూ గీయకండి. వెలుగు నుంచి నీడలోకి మలుపు తిరిగే పట్టీలో నాలుగైదు కళ్ళు చూపిస్తే మిగతావి ఉన్నట్టే అనిపిస్తాయి. ఆపిల్, జామ లాంటివి కోసి పెడితే కోసిన ముఖం రంగు మారిపోతూ ఉంటుంది, అప్పుడు టైమర్ అవసరం కూడా ఉండదు.

దాచుకోవడం

సాధన బొమ్మలకు ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే) స్ప్రే అవసరం లేదు. అది లేత రంగుల్ని ముదురుపరుస్తుంది, కష్టపడి తెచ్చుకున్న వెలుగు తగ్గిపోతుంది. హెయిర్ స్ప్రే వాడమని చెప్పేవాళ్ళుంటారు, అది కాలం గడిచేకొద్దీ పసుపుబారుతుంది, వద్దు. ఒక్కో బొమ్మ మీద బటర్ పేపర్ పెట్టి, పక్కకి జరగకుండా అంచుల్లో టేపు వేసి, గట్టి ఫైల్లో పడుకోబెట్టండి. వానాకాలంలో తేమకు కాగితం మీద బూజు పట్టే ప్రమాదం ఉంది. ఫైల్లో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకు ఆనని చోట ఉంచండి. ఏదైనా బొమ్మ ఫ్రేము కట్టించాలనిపిస్తే ఫ్రేముల షాపు అతనికి రెండు మాటలు ముందే చెప్పండి: అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం) వేయాలి, అద్దం బదులు యాక్రిలిక్ షీటు వేయకూడదు. యాక్రిలిక్‌లో స్టాటిక్ కరెంటు పుట్టి రంగుపొడిని తన వైపు లాగేసుకుంటుంది.